బావగారి వగరు

భోజనాల దగ్గర ఎవరైనా "యాంటీ ఆక్సిడెంట్" అన్నారంటే నేను పెరుగన్నం దాకా ఆగను, లేచిపోతాను. మొన్న పెళ్ళిలో మాత్రం లేవలేకపోయాను. అన్నది మా బావగారు. ఆయన మాట్లాడుతుండగా విస్తరి ముందు నుంచి లేచే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు.

సంగతేమిటంటే, బావగారు బీపీ మాత్ర మానేశారు. రోజుకు మూడు రూపాయలైనా కాని ఆ మాత్ర నిండా కెమికల్సేనట. దాని బదులు నెలకు 1,800 రూపాయలు పోసి ద్రాక్షగింజల క్యాప్సూల్స్ మింగుతున్నారు. వాటిలో ఉన్నవి పాలీఫినాల్స్. అవి కెమికల్స్ కావు. సీసా మీద ఆకు బొమ్మ ఉంది కదా!

పాలీఫినాల్ అనగానే కంగారు పడకండి. మన నాలుక్కి దాని పాతపేరు తెలుసు: వగరు. నేరేడుపండు, ఉసిరికాయ, మామిడిపిందె నాలుకను పట్టేస్తాయే, అదీ. బావగారు దేవుడిలా కొలిచే రెస్వెరాట్రాల్, అంటే ద్రాక్షలో ఉండే ఒక పాలీఫినాల్, పల్లీల ఎర్రపొట్టులో కూడా ఉంటుంది. మా అక్క దాన్ని చేటలో చెరిగి పారబోస్తుంది.

ద్రాక్షకు ఈ వైభోగం 1991లో పట్టింది. ఫ్రాన్సు వాళ్ళు అంత వెన్నా జున్నూ తింటున్నా గుండెపోట్లు ఎందుకు తక్కువ అని అమెరికాలో '60 మినిట్స్' అనే టీవీ కార్యక్రమం అడిగి, రెడ్ వైన్ వైపు వేలు చూపించింది. అక్కడ వైన్ అమ్మకాలు ఎగబాకాయి. మనవాళ్ళను ఒప్పించడానికి ఆ కష్టం కూడా అక్కర్లేదు. వైన్‌నీ మాత్రనీ రెండింటినీ మనం మందనే అంటాం.

మనుషుల మీద చేసిన కొన్ని పరీక్షల్లో రెస్వెరాట్రాల్ రోజుకు ఒక గ్రాము దాకా ఇచ్చారు. లీటరు రెడ్ వైన్‌లో రెండు మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రోజుకు 500 లీటర్లు కావాలి. బావగారి మేడ మీది ట్యాంకు సరిగ్గా 500 లీటర్లే! తెల్లారగానే మోటారు వేస్తారు. "ఏవండీ, ట్యాంకు పొర్లిపోతోంది" అని కింద నుంచి అక్క అరుస్తుంది. "మీకు నాసిక్ వైన్ వచ్చేసిందా, మాకింకా రాలేదు" అంటూ పక్కింటావిడ బిందె పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. బావగారు కుళాయి కింద నోరు పెడతారు. సాయంత్రానికి గుండె ఉక్కులా ఉంటుంది. మనిషే ఉండడు.

ఇటలీలోని టస్కనీలో 65 దాటిన 783 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. మూత్రంలో రెస్వెరాట్రాల్ జాడ ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ కాలం బతకలేదు, వాళ్ళకు గుండెజబ్బులూ తగ్గలేదు. 2014లో ఆ ఫలితం వచ్చింది. చాక్లెట్ చేసే కోకోలోనూ ఈ వగరే, అది కాస్త నయం. 21,000 మందికి పైగా పాల్గొన్న పరీక్ష 2022లో వెలువడింది. గుండెజబ్బు మరణాలు తగ్గిన సూచన కనిపించింది కానీ మొత్తం గుండె ప్రమాదాల లెక్కలో తేడా గట్టిగా తేలలేదు. అయినా అందులో ఎవరినీ బీపీ మాత్ర మానెయ్యమనలేదు బావగారూ!

మా అక్కకి హిమోగ్లోబిన్ ఎనిమిది. ఈ సంగతి ఆ పంక్తిలో ఎవరూ ఎత్తలేదు. ఇంటిల్లిపాది టిఫిన్లు అయ్యాక మాడిన ఆఖరి దోసె ఆమెది, ఆపైన ఆకలి చచ్చేదాకా టీ. ఆ టీలోనూ ఉన్నది వగరే. తిండితో పాటు తాగితే పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుమును పట్టుకుని చాలావరకు ఒంటికి అందనివ్వదు. తెలంగాణలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈయన గుండెకి నెలకు 1,800, ఆమె రక్తానికి మాడిన దోసె! ఒక్క ఇంట్లోనైనా ఆడదాన్ని ముందు కూర్చోబెట్టి వడ్డించారా? సిగ్గుండాలి మనకి. అంటే నాక్కూడా. ఆమె కంటే ముందు కూర్చుని మాడని దోసెలు నేనూ తిన్నాను.

భోజనాలయ్యాక అక్క పర్సులోంచి ఐరన్ మాత్ర తీసి మంచినీళ్ళ కోసం చుట్టూ చూసింది. "నీళ్ళెందుకే" అంటూ బావగారు ప్రేమగా, నిజంగానే ప్రేమగా, తన ఫ్లాస్కులోంచి గ్రీన్ టీ వంచి ఇచ్చారు.