బావ కొన్న ఎలుకల పెట్టె

(ఇంగ్లండ్, నాటింగ్‌హామ్. శనివారం సాయంత్రం. బయట వాన, అంటే మామూలు రోజే. శ్రీను, పద్మజ వరసకు బావామరదళ్ళు, పెళ్ళయి ఆరేళ్ళు. ఇద్దరిదీ రాజమండ్రే కాబట్టి దెబ్బలాటంతా తెలుగులోనే. శ్రీను చప్పుడు కాకుండా తలుపు తీసి, కోటు కింద ఏదో దాచుకుని లోపలికొస్తాడు. దాచుకున్నది కోటు కన్నా పెద్దది.)

పద్మజ: బావా, కొత్తిమీర తెచ్చావా?

శ్రీను: కొత్తిమీరా... లెంటన్ వైపు దొరకలేదే.

పద్మజ: కొత్తిమీర కోసం లెంటన్ ఎవరెళ్ళమన్నారు? అక్కడ నీ బొమ్మల కొట్టు తప్ప ఏముంది?

శ్రీను: బొమ్మల కొట్టు అనకు. బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధం ఆటలు తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళ ప్రధాన కార్యాలయం. పక్కనే వాళ్ళ ప్రదర్శనశాల, వార్‌హామర్ వరల్డ్. దేశదేశాల నుంచీ జనం విమానాలెక్కి వస్తారు దానికోసం. ఈ ఊళ్ళో ఉండి వెళ్ళకపోతే తిరుపతిలో కాపురముండి కొండెక్కనట్టే.

పద్మజ: ఎక్కావుగా. ప్రసాదం చూపించు.

(కోటు తీయక తప్పలేదు. పెట్టె బల్ల మీదికొచ్చింది. బల్ల మీదున్న బియ్యం పళ్ళెం పద్మజ ఒడిలోకి వెళ్ళింది.)

శ్రీను: స్కావెన్‌టైడ్! ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే వాళ్ళ యుద్ధం ఆట నాలుగో ఎడిషన్‌తో 2024 జూలైలో వచ్చిన పెట్టె. రెండు సైన్యాలు, లావుపాటి నియమాల పుస్తకం, మొత్తం 74 బొమ్మలు. ఏమీ తెలియనివాడు కూడా దీంతో మొదలుపెట్టొచ్చు.

పద్మజ: ఏమీ తెలియనివాడని నీకెలా తెలిసిపోయింది? (మూత ఎత్తి) బొమ్మలేవి?

శ్రీను: అవే.

పద్మజ: ఇవి కిటికీ చువ్వల్లా ఉన్నాయి. చెయ్యి ఒక చువ్వకి, తోక ఒక చువ్వకి, మూతి ఇంకో చువ్వకి. ఎవరో కోపమొచ్చి విరగ్గొట్టి వేలాడదీసినట్టున్నారు.

శ్రీను: వీటిని స్ప్రూలు అంటారు. ఒక్కో ముక్కా క్లిప్పర్‌తో కత్తిరించి, అంచుల గరుకు గీకి, జిగురు రాసి అతకాలి. మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌ని కరిగించి ఏకం చేసేస్తుంది. ఆ తర్వాత రంగులెయ్యాలి.

పద్మజ: అంటే నువ్వు బొమ్మలు కొనలేదు బావా. పని కొన్నావు.

శ్రీను: దీన్ని హాబీ అంటారు.

పద్మజ: సింకు నిండా హాబీ ఉంది, వెళ్ళి తోము.

శ్రీను: మరి కొండపల్లి బొమ్మలో? పొణికి కర్ర చెక్కి, ముక్కా ముక్కా అతికి, రంగులేస్తేనేగా మీ అమ్మ కొలువులో కూచున్న దశావతారాలు!

పద్మజ: ఆ చెక్కేవాళ్ళకి మనం డబ్బిస్తాం. ఇక్కడ చాకిరీ చేసేవాడే ఎదురు డబ్బిచ్చాడు. ఇంతకీ ఎంత?

శ్రీను: బొమ్మకి రెండు పౌండ్ల చిల్లర. ఇక్కడ కాఫీ కూడా రాదు దానికి.

పద్మజ: పెట్టెకి?

శ్రీను: 74తో గుణించుకో.

పద్మజ: నువ్వే గుణించు.

శ్రీను: నాకు లెక్కలు అంతగా...

పద్మజ: నువ్వు చేసేది బ్యాంకులో రిస్కు లెక్కలు కట్టే ఉద్యోగం.

శ్రీను: అందుకే అంటున్నా. ఈ లెక్క రిస్కు.

పద్మజ: రాబిన్ హుడ్ ఊరికొచ్చి మన జేబు మనమే కొట్టుకున్నామన్నమాట. ఉండు, నాన్నకి ఫోన్ చేసి ఆయన్నే గుణించమంటాను.

శ్రీను: మావయ్యకెందుకే! ఆయన మీసం దువ్వుకుంటూ అడిగేది ఒక్కటే. మనం ఇల్లు కొన్నా, చెప్పులు కొన్నా, 'ఎంతైంది అల్లుడూ' అంటారు. ఎంత చెప్పినా 'మోసపోయావు' అంటారు.

(పద్మజ ఫోన్ పక్కన పెడుతుంది. ఆయుధం ఉందని చూపించడమే ముఖ్యం. వాడటం తర్వాత.)

పద్మజ: సరే, ఈ బంగారు కవచాల వాళ్ళెవరు?

శ్రీను: స్టార్మ్‌కాస్ట్ ఎటర్నల్స్. సిగ్మార్ దేవుడి వీరులు. మెరుపుతో పాటు ఆకాశం నుంచి దిగుతారు. చచ్చిపోతే సిగ్మార్ మళ్ళీ పోత పోసి పంపిస్తాడు. కాకపోతే పోత పోసిన ప్రతిసారీ పాత జ్ఞాపకాలు కొంచెం కొంచెం పోతుంటాయి.

పద్మజ: ఇవాళ కొత్తిమీర, నిన్న గ్యాస్ బిల్లు. ఇప్పటికి ఎన్నిసార్లు చచ్చావు బావా?

శ్రీను: పెళ్ళయ్యాక లెక్కపెట్టడం మానేశాను.

పద్మజ: మరి వీళ్ళ శత్రువులు? (ఒక చువ్వ ఎత్తి చూసి) ఇది ఎలుక!

శ్రీను: ఎలుక మనిషి. స్కావెన్. నేల కింద సొరంగాల్లో లక్షల్లో ఉంటాయి. పిరికివి, జిత్తులమారివి, పక్కదాన్ని ముందుకి తోసి తాము వెనక నక్కుతాయి. వాటి తుపాకులు ఒక్కోసారి వాటి మీదే పేలిపోతాయి.

పద్మజ: నువ్వు వాషింగ్ మెషీన్ బాగుచేసినట్టు.

శ్రీను: మాట కూడా వింతగా ఉంటుంది. ఒక్కో మాట రెండేసిసార్లు అంటాయి. 'అవునవును, చంపు చంపు' అని.

పద్మజ: అందులో వింతేముంది? మనం మాత్రం 'రండి రండి, కూచోండి కూచోండి, తినండి తినండి' అనమూ? అవి మన గోదావరి ఎలుకలే. దేవుడున్నాడా వాటికి?

శ్రీను: కొమ్ముల మహా ఎలుక.

పద్మజ: మనకి ఎలుక మీద దేవుడు, వాటికి ఎలుకే దేవుడు. బానే ఉంది. కానీ బావా, మా ఇంట్లో అటక మీద ఎలుకలు ఊరికే దొరికేవి. బోను మాత్రమే కొనుక్కునేవాళ్ళం. ఎలుకల్ని డబ్బిచ్చి కొన్న మగాడు మన రెండు వంశాల్లోనూ నువ్వొక్కడివే.

శ్రీను: పెద్దపెద్దవాళ్ళు ఆడారే ఇలాంటి ఆటలు. ప్రష్యా సైన్యం 1824లో తన అధికారులకి యుద్ధం నేర్పడానికి ఇలాంటి ఆటే పెట్టింది.

పద్మజ: వాళ్ళకి జీతమిచ్చి ఆడించారు.

శ్రీను: హెచ్.జి. వెల్స్ అంతటి రచయిత నేల మీద పాకుతూ బొమ్మ సిపాయిలతో ఆడి, 1913లో దానికి నియమాలు రాసి పుస్తకమే వేశాడు.

పద్మజ: ఆ నేల తుడిచిందెవరో రాశాడా?

(శ్రీను దగ్గర జవాబు లేదు. గిన్నెలు తోమడానికి వెళతాడు.)

(మూడు వారాల తర్వాత. హాలంతా చిన్న చిన్న బూడిద రంగు ముక్కలు. మెడ మీద దీపం వంచుకుని, నాలుక కొస బయటపెట్టి, శ్రీను ఒక ఎలుకకి దంతాలు దిద్దుతున్నాడు.)

పద్మజ: నా గోళ్ళ కత్తెరేది?

శ్రీను: అది... క్లిప్పర్ కనపడని రోజు ఒక్కసారి వాడాను.

పద్మజ: దోసెల పిండి డబ్బా మూత?

శ్రీను: అందులో తడి స్పాంజీ, దాని మీద బేకింగ్ కాగితం. రంగులు ఎండిపోకుండా గంటలు గంటలు ఉంటాయి. వెట్ ప్యాలెట్ అంటారు.

పద్మజ: మరి డబ్బాలో పిండి ఎండిపోతోంది, దాన్నేమంటారు? సరే, ఇది చెప్పు. నీ చేతిలో ఉన్న బ్రష్షు ఎవరిది?

శ్రీను: (బ్రష్షు వైపు ఇప్పుడే చూసినట్టు) చాలా మెత్తగా ఉందే. డ్రైబ్రషింగ్‌కి మేకప్ బ్రష్షే మంచిదని ఆడేవాళ్ళంతా అంటారు. రంగు దాదాపు తుడిచేసి పైపైన రాస్తే ఎత్తుగా ఉన్న అంచులు మాత్రమే మెరుస్తాయి.

పద్మజ: నా బుగ్గల బ్రష్షు ఎలుక వీపు మీద! రేపు పెళ్ళికెళ్తే నా మొహం మీద ఎలుక రంగు మెరుస్తుంది.

శ్రీను: కోప్పడకు, ఇది చూడు. దీని పేరు నూల్న్ ఆయిల్. నల్లటి పల్చటి రంగు. పైన పూస్తే దానంతటదే సందుల్లోకి జారి నీడల్లా కూచుంటుంది. చేతకానివాడు వేసినా చెయ్యి తిరిగినవాడు వేసినట్టుంటుంది. సీసాలో పోసిన ప్రతిభ అని నవ్వుతుంటారు దీన్ని.

పద్మజ: నువ్వు వండే రోజు రెండు చుక్కలు పప్పులో వెయ్యి. ఎన్నయ్యాయి ఇప్పటికి?

శ్రీను: అతకడం అన్నీ అయ్యాయి.

పద్మజ: రంగులు?

శ్రీను: తొమ్మిది.

పద్మజ: మూడు వారాలకి తొమ్మిది. ఇంకా 65. అంటే మరో ఇరవై రెండు వారాలు ఈ బల్ల మీద మనం అన్నం తినం. అయినా ఎలుకలు బూడిద రంగులోనే కదా ఉంటాయి, మళ్ళీ వాటికి రంగెందుకు?

(శ్రీను కాసేపు ఆలోచిస్తాడు. ఈ కోణం నియమాల పుస్తకంలో లేదు.)

(ఆదివారం మధ్యాహ్నం. పద్మజ ఆటకి ఒప్పుకుంది. ఎందుకంటే ఓడినవాళ్ళు నెల్లాళ్ళు గిన్నెలు తోమాలి. ఎలుకలు పద్మజవి, ఏరి కోరి తీసుకుంది. బంగారు వీరులు శ్రీనువి.)

శ్రీను: ఇది చిన్న ఆట, స్పియర్‌హెడ్. 30 అంగుళాలకి 22 అంగుళాల పలక మీద నాలుగు రౌండ్లు. ముందు నడవాలి, తర్వాత కొట్టాలి. పాచిక వేస్తే దెబ్బ తగిలిందో లేదో తేలుతుంది. తగిలితే గాయమైందో లేదో ఇంకో పాచిక. గాయమైతే కవచం ఆపిందో లేదో మరొకటి.

పద్మజ: ఒక్క దెబ్బకి మూడు విచారణలా? మా పెదనాన్న పొలం కేసే నయం. (చీర ఫాల్ కుట్టే టేపు తీసి) ఆగు. నీ వీరుడు ఎంత నడవాలి?

శ్రీను: ఐదు అంగుళాలు.

పద్మజ: ఏడు నడిచాడు. ముందు నుంచి కొలిచి వెనక కాలు పెడతావేం? జాకెట్ గుడ్డ దగ్గర టైలర్లు చేసేదీ ఇదే. వెనక్కి జరుపు.

(రెండో రౌండ్. వంతు ఎవరిదో తేల్చే పాచిక పద్మజకి పడింది. కిందటి రౌండులో రెండో వంతు ఆడింది తనే. ఇప్పుడు మొదటిదీ తనదే.)

పద్మజ: అంటే వరసగా రెండు వంతులు నావేనా?

శ్రీను: డబుల్ టర్న్ అంటారు. దీని గురించి ఆడేవాళ్ళు కొట్టుకు చస్తారు.

పద్మజ: కొట్టుకోవడమెందుకు? నేను మాట్లాడతాను, నువ్వు జవాబు చెప్పేలోపు మళ్ళీ నేనే మాట్లాడతాను. మనింట్లో ఆరేళ్ళుగా ఉన్నదే కదా.

శ్రీను: అన్ని ఎలుకల్నీ అక్కడికి తోస్తావేం? నా సేనాపతి మీదికి రావాలి గానీ!

పద్మజ: నీ సేనాపతితో నాకేం పని? ఆ గుర్తులున్న చోటు ఎవరు పట్టుకుంటే వాళ్ళకే పాయింట్లన్నావు. ఎవరి బలగం ఎక్కువుంటే చోటు వాళ్ళదన్నావు. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతికి కుర్చీల వెనక నిలబడ్డట్టు నిలబెట్టాను. ఇక ఎవడు లేపుతాడో రమ్మను.

శ్రీను: ఐదుగుర్ని చంపాను చూడు!

పద్మజ: ఇద్దరు తిరిగొచ్చారు. చచ్చినవాటిలో కొన్ని మళ్ళీ వచ్చి చేరతాయని కార్డు మీదే ఉంది. అటక మీద ఎలుకలూ అంతే.

(చివరి రౌండ్. శ్రీను పాచికలు వేస్తాడు. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. బంగారు వీరుల సుత్తులన్నీ గాలిని కొట్టాయి.)

శ్రీను: ఇది చెల్లదు. మళ్ళీ వేస్తా.

పద్మజ: ఏ నియమం ప్రకారం?

శ్రీను: మీసం నియమం.

పద్మజ: ఏంటీ?

శ్రీను: ఒట్టు. 2015లో ఈ ఆట కొత్తగా వచ్చినప్పుడు దీనికి ముందున్న ఆటలోని పాత సైన్యాలక్కూడా నియమాలిచ్చారు. అందులో కుర్ట్ హెల్‌బోర్గ్ అనే మీసాల వీరుడున్నాడు. అతన్ని ఆడించేవాడి మీసం ఎదుటివాడి మీసం కన్నా పెద్దదీ గొప్పదీ అయితే, తప్పిన దెబ్బలకి పాచికలు మళ్ళీ వేసుకోవచ్చు. అచ్చులో ఉంది!

పద్మజ: ఇప్పుడు ఆడేది ఆ వీరుడితో కాదుగా?

శ్రీను: ఇంటి నియమం అనుకుందాం. నీకెలాగూ మీసం లేదు. నేను రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

పద్మజ: (ఒక ఎలుకని దీపం కింద పెట్టి) దీనికుంది మీసం. నువ్వే దిద్దావు.

శ్రీను: బొమ్మకి కాదు, ఆడేవాళ్ళకి ఉండాలి.

పద్మజ: ఆడేవాళ్ళ పుట్టింటివాళ్ళకి ఉంటే సరిపోతుందా?

శ్రీను: అంటే?

(పద్మజ ఫోన్ తీసి, నియమాల పుస్తకానికి ఆనించి, ఎలుకల సైన్యం వెనక నిలబెట్టింది. వీడియో కాల్ మోగుతోంది.)

శ్రీను: వద్దే! ఓడిపోయాను. రాసుకో. గిన్నెలు రెండు నెలలు తోముతా. మూడు నెలలు! కట్ చెయ్యి!

(రాజమండ్రిలో ఫోన్ ఎత్తారు. మావయ్యగారు ఎప్పటిలాగే ఫోన్‌ని మూతికి ఆనించి పట్టుకున్నారు. స్క్రీన్ నిండా మీసమే. ఎలుకల సైన్యం వెనక, తెల్లగా, కొసలు పైకి తిరిగి, యుద్ధభూమినంతా కమ్ముకుని ఉంది. కాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది.)

మీసం: ఎంతైంది అల్లుడూ?

శ్రీను: ...కొత్తిమీరా, మావయ్యా?