వానపాములకు పదివేలవాలా స్వాగతం

మొన్న మా కోనసీమ పల్లెలో వర్మీకంపోస్టు షెడ్డుకి ప్రారంభోత్సవం జరిగింది. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, ఆ తర్వాత కేజీల లెక్కన కొనుక్కొచ్చిన వానపాముల గౌరవార్థం తొట్టెల పక్కనే పదివేలవాలా పరిచి ముట్టించారు. ఇందులో తేడా ఏమీ ఎవరికీ కనపడలేదు. కనపడిన నాకు సైన్సు రాదని అక్కడికక్కడే తేల్చేశారు.

"సూరేకారం అంటే ఎరువేగదరా అబ్బాయ్! గంధకం చేలో చల్లమా? బొగ్గు మట్టికి మంచిది కాదా?" అన్నాడు పెదనాన్న. నిజమే, పాతకాలం మందుగుండులో ఉండేవి ఆ మూడే. ఆ లెక్కన పెళ్లి ఊరేగింపుల వాళ్లందరికీ ఉత్తమ రైతు అవార్డు ఇవ్వాలి. కాకపోతే ఆకుపచ్చ వెలుగు కోసం బేరియం కలుపుతారు, దాన్ని ఏ రైతూ చల్లగా నేను చూళ్లేదు. బేరియం లవణాలు వాడొద్దని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది గానీ, కోర్టు ఢిల్లీలో ఉంది, మా తోట కాలవగట్టున ఉంది. ఇక టపాకాయల మందులో పెర్‌క్లోరేట్ అని ఇంకో లవణం, నీళ్లలో కరిగి, వేళ్లలోంచి ఎక్కి ఆకుల్లో కాపురం పెడుతుంది, మన ఒంట్లోకొస్తే థైరాయిడ్‌కి అయోడిన్ అందకుండా అడ్డం పడుతుంది. పక్కనే తోటకూర మడి. భోజనంలో పప్పు చాలా బావుంది.

"బాంబులు పడ్డచోటే గడ్డి మొలుస్తోంది, టపాకాయకేం?" అని ఇంకొకాయన. బాంబుల్లో వాడే టీఎన్‌టీ అనే పేలుడు మందు మన టపాకాయల్లో ఉండదు, ఒప్పుకుంటాను. అది కలిసిన మట్టిలో మాత్రం ముందు వేరు దెబ్బతింటుంది, సరుకు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఇంకో బాంబు మందు ఆర్‌డీఎక్స్ అలా కాదు, ఆకుదాకా పోతుంది, భూగర్భ జలాల్లోకీ దిగుతుంది. వానపాములైతే చావకపోయినా పిల్లల్ని పెట్టడం తగ్గించేస్తాయి. పాపం వాటికి ముక్కు కూడా లేదు, తడి చర్మంతోనే ఊపిరి.

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే ఎర్ర కాగితం ముక్కలన్నీ, వాటికంటుకున్న బూడిదరంగు పొడితో సహా, చీపురుతో ఊడ్చి తొట్టెల్లోనే పోశారు. కాగితం కుళ్లి ఎరువవుతుందట! వానపాములు గోడెక్కి, గోనెపట్టా కిందనుంచి బయటికొస్తున్నాయి. గాలం పట్టుకొచ్చిన ఓ బుడ్డోడు ఎర్రల కోసం మట్టి తవ్వాల్సిన పని కూడా లేకుండా రెండు నిమిషాల్లో కొబ్బరిచిప్ప నింపుకున్నాడు.

"చూశావా దిగుబడి!" అన్నాడు పెదనాన్న.