కర్రీ పాయింటు కోచింగ్

అమెరికా బాస్కెట్‌బాల్ షూటర్ స్టెఫెన్ కర్రీ అంతటివాడు కావాలంటే ఏమేం కావాలో ముప్పై సెకన్ల రీలు తేల్చేసింది. వెలిగి ఆరే కళ్లద్దాలు, ఒక టెన్నిస్ బంతి, నడుముకో రబ్బరు పట్టీ, వీడియో తీయడానికో బాబాయి. రింగులో బంతి వేయడం ఆ చిట్టాలో లేదు. పార్ట్ టూలో వస్తుందేమో.

సాయంత్రం ఏ కాలనీ సిమెంటు కోర్టుకైనా వెళ్లండి, ఈ మహాయజ్ఞం నడుస్తూ ఉంటుంది. కుర్రాడు కుడిచేత్తో బంతి కొడుతూ ఎడమచేత్తో టెన్నిస్ బంతి ఎగరేస్తాడు. అద్దాలు ఆరితే చిన్న బంతి కనబడదు, వెలిగితే పెద్ద బంతి చేతిలో ఉండదు. పట్టీ పట్టుకున్న తమ్ముడికి ఫోనొస్తుంది, వదిలేస్తాడు. మనవాడు వెళ్లి స్తంభాన్ని ఆప్యాయంగా వాటేసుకుంటాడు. టెన్నిస్ బంతి మురిక్కాలువలో పడుతుంది. "అదిరింది రా, ఇంకో టేక్!" అంటాడు బాబాయి. ఇదే కుర్రాణ్ని ఎడమచేత్తో లేఅప్, అంటే రింగు దగ్గరికెళ్లి వేసే మామూలు షాట్, వెయ్యమనండి. బంతి బోర్డు మీదుగా పక్కింటి డాబా చేరుతుంది.

కర్రీ పాయింటుకెళ్లి కూర కట్టించుకునేవాళ్లు కనీసం అన్నమైనా ఇంట్లో వండుకుంటారు. వీళ్లింట్లో కుక్కరే పొయ్యెక్కలేదు.

అసలు కర్రీ ఆ అన్నం ఎప్పుడు వండుకున్నాడంటే, హైస్కూల్లో. బంతిని బాగా కిందనుంచి వదిలేవాడు. తండ్రి డెల్ కర్రీ, ఆయనా అమెరికా ప్రొఫెషనల్ లీగైన ఎన్‌బీఏలో షూటరే, ఒక వేసవంతా కూర్చోబెట్టి బంతి వదిలే చోటును తలపైకి మార్పించాడు. అలవాటైన షాట్ పోయింది, కొత్తది రాలేదు. చాలా రోజులు దూరం నుంచి వేయడమే చేతకాలేదు. దీన్నెవరు రీలు తీస్తారు?

ఎత్తెందుకంటే లెక్కుంది. రింగు అడ్డం 45 సెంటీమీటర్లు, బంతి 24. బంతి 32 డిగ్రీలకన్నా చదునుగా వస్తే రింగు అంచు తగలకుండా దూరే సందే ఉండదు. ఛాతీ మీదనుంచి తోసేవాడి షాట్ తరచు చదునుగానే వస్తుంది. అందుకే రింగుకు ఒక మీటరు దూరంలో నిలబడి, మోచేయి బంతికింద పెట్టి, ఒంటిచేత్తో వెయ్యాలి. వరుసగా పది పడ్డాకే ఒకడుగు వెనక్కి. మనవాడు మాత్రం తిన్నగా 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత దగ్గరే కాపురం పెట్టాడు.

మయామి జట్టు షూటర్ రే అలెన్ దగ్గర ఇంతకన్నా చవకబారు విద్య ఉండేది. రింగు కింద నేలమీద పడుకోవడం, చటుక్కున లేవడం, కాళ్లవైపు చూడకుండా వెనక్కి నడుస్తూ మూలకు చేరడం, అందుకుని వేయడం. 2013 జూన్ 18న ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో ఆటలో సరిగ్గా అలాగే వెనక్కి వెళ్లి మూలనుంచి వేశాడు. గడియారంలో 5.2 సెకన్లు మిగిలుండగా స్కోరు 95-95. మయామి ఆ ఆటా గెలిచింది, కప్పూ గెలిచింది. అద్దాల్లేవు పాపం.

దమ్ము సంగతా? చెరువుగట్టు చుట్టూ అయిదు కిలోమీటర్లు జాగింగ్ చేస్తే చెరువుగట్టు చుట్టూ జాగింగే వస్తుంది. ఆటలో అయిదారు సెకన్ల దౌడు, ఆగడం, మళ్లీ దౌడు. 28 మీటర్ల కోర్టులో ఎండ్‌లైన్ నుంచి దగ్గరి ఫ్రీత్రో గీతకు (ఫౌలైతే అడ్డులేకుండా షాట్ వేసే చోటు), సగానికి, అవతలి ఫ్రీత్రో గీతకు, చివరికి, ప్రతిసారీ వెనక్కి. మొత్తం 140 మీటర్లు, ముప్పై సెకన్లలో. నిమిషం విశ్రాంతి. ఆ వగర్పులోనే రెండు ఫ్రీత్రోలు. పరుగు టైము మూడు నాలుగు సెకన్లు పెరిగిందంటే ఆ రోజుకు ఆపెయ్యాలి. ఇంకా ఉరికిస్తే వచ్చేది దమ్ము కాదు, చీలమండ మెలిక.

ఈ ఆపడమే మన క్యాంపు గురువులకు నామోషీ. పన్నెండేళ్ల పిల్లలచేత సిమెంటు మీద రెండొందల గెంతులు! మోకాలిచిప్ప కింద స్నాయువు (కండను ఎముకకు కట్టే తాడు) అతుక్కునే ఎముక ఆ వయసులో ఇంకా గట్టిపడదయ్యా. లాగి లాగి అది వాచి బొడిపె కడుతుంది. పిల్లాడు నొప్పంటే "మగాడివి కాదా" అంటారు. కోట్లు తీసుకునే ఆటగాళ్లకు ఎన్‌బీఏ జట్లు ప్రాక్టీసులో సెన్సర్లు కట్టి మరీ గెంతులు లెక్కపెడతాయి, అదీ కింద చెక్కనేల ఉండగా. ఇక్కడ ఫీజు కట్టిన పిల్లాడి మోకాలికి లెక్కాపత్రం లేదు. దిగేటప్పుడు రెండు పాదాలమీదా చప్పుడు లేకుండా దిగాలని, మోకాళ్లు లోపలికి వాలకూడదని చెప్పడానికి పదినిమిషాలు చాలు. ఆ పదినిమిషాలు లేవుగానీ, క్యాంపు బ్యానరుకు ఫొటోలు తీయడానికి గంట ఉంటుంది. సిగ్గుండాలి.

రీలుకు మాత్రం బ్రహ్మాండంగా లైకులు పడుతున్నాయట. టెన్నిస్ బంతి ఇంకా కాలువలోనే ఉంది.