రిక్వైర్స్-పైథాన్ మరిచిపోతే

సపోర్ట్ గడువు తీరగానే పాత పైథాన్ వెర్షన్లను లైబ్రరీలు వదిలేయాలన్న వాదన సరే గానీ, ఎలా వదలాలన్నదే అసలు చిక్కు. 3.9కి 2025 అక్టోబరుతో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయి కదా అని కోడ్‌లో 3.10తో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్ పెట్టేసి, ప్యాకేజీకి కనీసం ఏ పైథాన్ కావాలో చెప్పే రిక్వైర్స్-పైథాన్ లైనును 3.10కి పెంచడం మరిచారనుకోండి. 3.9 వాడేవాళ్ల పిప్ (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే టూల్) ఆ కొత్త రిలీజ్‌నే దించుకుంటుంది. ఇంపోర్ట్ చేయగానే సింటాక్స్ ఎర్రర్. ఆ ఒక్క లైను మార్చి ఉంటే పిప్ తనంతట తనే పాత రిలీజ్ దగ్గర ఆగేది.

తర్వాతి రిలీజ్‌లో సరిదిద్దితే చాలదు, చెడ్డదాన్ని పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే చోటు) యాంక్ చేయాలి, అంటే పిప్ దాన్ని తనంతట తను ఎంచకుండా గుర్తు పెట్టాలి. లేదంటే 3.9 వాళ్లకు పిప్ మళ్లీ దాన్నే ఎంచుతుంది. చివరి అంకె మాత్రమే పెరిగే ప్యాచ్ రిలీజ్‌లో మాత్రం పాత పైథాన్‌ను వదలకండి (ఇదీ చూస్తూనే ఉన్నాం). 2.4.2లో వదిలేస్తే, రేపు పాతవాళ్లకో భద్రతా లోపం సరిచేయాల్సి వచ్చినప్పుడు సరైన నంబరే మిగలదు. 2.5.0లో వదిలితే వాళ్ల కోసం 2.4.2 ఖాళీగా ఉంటుంది.