పంచారు సరే, తిన్నారా?

బడిపిల్లలకు పండ్లు, కూరగాయలు పెట్టే పథకాల నివేదికలన్నీ ఒక్క తీరుగానే ఉంటున్నాయి. ఎన్ని బడులు, ఎందరు పిల్లలు, ఎన్ని పండ్లు... అన్నీ ఉంటాయి. తిన్నదెంతో రాసే గడి మాత్రం ఉండదు. భోజనాలయ్యాక చెత్తబుట్టలో చూస్తే ఒక్క కొరుకు పడిన యాపిళ్లు, తొక్క కూడా ఒలవని నారింజలు కనిపిస్తాయి. కాగితం మీద అవన్నీ పిల్లల కడుపులోకి వెళ్లినట్టే లెక్క. దీన్ని విజయంగా చెప్పుకోవడం మోసం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది పండ్లు, కూరగాయలు తినాల్సిన పరిమాణం గురించి: 2 నుంచి 5 ఏళ్ల వారికి రోజుకు కనీసం 250 గ్రాములు, 6 నుంచి 9 ఏళ్ల వారికి 350, పదేళ్లు నిండితే 400. అమెరికాలో 2012 నుంచి బడి భోజనం పళ్లెంలో అరకప్పు పండో కూరగాయో తప్పనిసరి చేశారు. పారేస్తున్నారన్న గొడవ వెంటనే మొదలైంది. అది తేల్చాలంటే పరిశోధకులు మిగిలిన తిండిని తూచాల్సి వచ్చింది. ఆ పని పథకం నడిపేవారే మొదటిరోజు నుంచీ ఎందుకు చేయరన్నదే మా ప్రశ్న.

చేస్తే లోపం ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. ఆరేళ్ల పిల్లలకు ముందుపళ్లు ఊడుతుంటాయి. ఆ నోటికి నిండు యాపిల్ ఇస్తే ఎలా కొరుకుతారు? కోసి ఇవ్వాలి. ముక్కలు నల్లబడతాయంటారా, నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీస్తే చాలు. నారింజ తొక్క చిన్న గోళ్లకు లొంగదు, దాన్నీ ముక్కలుగా కోయాల్సిందే. పొద్దున్నే ఉడికించి మూతపెట్టి ఉంచిన కూరగాయ తన ఆవిరికే చితికి రంగు పోతుంది. క్యాబేజీ అయితే గంధకపు కంపు కొడుతుంది. విడతలవారీగా ఉడికిస్తే ఈ బాధ ఉండదు.

ఇక సమయం. విరామంలో సగం వరసలో నిలబడటానికే పోతే పిల్లలు ఇష్టమైనవి ముందు తినేసి కూరగాయలు వదిలేస్తారు. కూర్చున్నాక కనీసం 20 నిమిషాలు ఉండాలి. ఆటలు భోజనం తర్వాత పెడితే పరుగెత్తాలన్న తొందరలో పళ్లెం సగంలో వదిలి లేస్తారు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆటను భోజనానికి ముందు పెట్టిన బడుల్లో పండ్లు, కూరగాయలు తినడం 54 శాతం పెరిగిందని 2015లో వెలువడిన అధ్యయనం తేల్చింది. గంట కొట్టే వేళ మార్చడానికి బడ్జెట్ అక్కర్లేదు!

కొత్త కూరగాయ రుచి నోటికి అలవాటు కావాలంటే ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేనుసార్లు చూడాలి. బఠాణీ గింజంత ముక్క చాలు, బలవంతం వద్దు. మళ్లీ మళ్లీ అదే కూరగాయ పెట్టాలి. ఏడాదికోసారి బ్యానరు కట్టి, బుట్టలు పేర్చి ఫొటోలు దిగితే ఇది జరగదు. కూర తింటే చాక్లెట్ ఇస్తామనడం మరీ తప్పు. కూర శిక్ష, చాక్లెట్ బహుమానం అని బడే నేర్పినట్టవుతుంది.

ఇంట్లో తిననివారు బడిలో తింటారా అని కొందరు, తూకాలంటే టీచర్లకు అదనపు భారమని మరికొందరు అంటున్నారు. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ ఈ తూకానికి కావలసింది ఒక త్రాసు, రెండు బకెట్లు. వడ్డనకు ముందు మొత్తం తూచాలి, గిన్నెల్లో మిగిలింది తీసేయాలి. తొక్కలు, గింజలు ఒక బకెట్‌లో, తినదగ్గవి రెండోదానిలో వేయించాలి. తొక్కల బకెట్ వేరుగా లేకపోతే అరటిపండు పంచిన రోజున తొక్కలు కూడా పారేసిన తిండిగానే లెక్కకొస్తాయి. వడ్డించినదాంట్లోంచి రెండు బకెట్ల బరువూ తీసేస్తే తిన్నదెంతో వస్తుంది. నెలకు వరసగా మూడు రోజులు చేస్తే ఏది మానాలో, ఏది కోసి పెట్టాలో వంటమనిషే చెప్పగలదు.

ఈమాత్రం చేయించలేని అధికారులు పంపిణీ అంకెలు చూపించి వచ్చే ఏడాదికి మళ్లీ నిధులు అడుగుతున్నారు. తిన్న లెక్క జతచేయని ఏ దస్త్రం మీదా సంతకం పడకూడదు. పిల్లల పేరున ఖర్చు రాసుకుంటున్నవారు పిల్లలేం తిన్నారో చెప్పి తీరాలి.