వినడం సంగతి తర్వాత చూసుకోవచ్చు

ఒకే ఆల్బమ్‌ను వినైల్ డిస్కుల మీద ఏడుసార్లు కొన్న మనిషిని చూసి నవ్వడం తేలిక. ఆ ఏడూ ఏడు వేర్వేరు వస్తువులని నవ్వేవాళ్ళకి తెలీదు, అంతే. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’నే తీసుకోండి. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ళ 30వ వీధి స్టూడియోలో టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును మామూలు వేగంతో తిప్పితే శ్రుతి పైకి పోతుంది. అలా మొదటి వైపున్న మూడు ట్రాకులూ అసలు వాయించినదానికంటే హెచ్చు శ్రుతిలో అచ్చయ్యాయి. పక్కనే నడిచిన రెండో మెషీన్ టేపు తీసి దాన్ని సరిదిద్దింది 1992లో. మధ్యలో 33 ఏళ్ళు ఆ రికార్డుతో కలిసి సాధన చేసిన ట్రంపెట్ కుర్రాళ్ళు తమ వాద్యాన్నే అనుమానించి ఉంటారు. కాబట్టి బాధ్యత తెలిసిన రికార్డు కలెక్టర్ దగ్గర చరిత్ర కోసం తప్పు శ్రుతిది ఒకటి, న్యాయం కోసం సరైన శ్రుతిది ఒకటి ఉండి తీరాలి. ఆపైన మోనో, స్టీరియో, నిమిషానికి 33 చుట్లు తిరిగేది, 45 చుట్లు తిరిగేది. ఏడు ఏ మూలకి?

కొనేముందు తూకం చూడాలి. 180 గ్రాములు కనీస మర్యాద. 200 అయితే నలుగురికీ చూపించొచ్చు. మామూలు డిస్క్ 120 నుంచి 140 గ్రాములుంటుంది. గాడి లోతు అన్నిటిలోనూ ఒకటే. తన కింద ఎంత ప్లాస్టిక్ ఉందో ముల్లుకి తెలిసే దారి లేదు. మందం వల్ల డిస్క్ పైతలం కాస్త లేస్తుంది గనక ముల్లుని మోసే టోన్ ఆర్మ్ ఎత్తు మళ్ళీ సరిచూసుకునే పని మాత్రం తగులుతుంది. బరువుతో ఇంకో ఉపకారం కూడా ఉంది. ఎక్కువ ప్లాస్టిక్‌ని సమంగా వేడిచేసి సమంగా చల్లార్చడం కష్టం. ప్రెస్ దగ్గర ఏమాత్రం తొందరపడ్డా ముద్ద గాడిలోకి పూర్తిగా దిగకముందే గట్టిపడిపోతుంది. దీన్ని నాన్‌ఫిల్ అంటారు. తరచు ఒక్క ఛానెల్లోనే గుడ్డ చింపుతున్నట్టు చర్రుమంటుంది. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే గాడుల మీద వెలిసిపోయిన బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది. డిస్కులు కడిగే ఎంత ఖరీదైన అల్ట్రాసోనిక్ మెషీన్లో ముంచినా పోదు. మురికి ఉంటే పోయేది. అక్కడ ప్లాస్టికే లేదు.

తర్వాత చదువు. పాటలు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి పట్టీలోనే అసలు సారస్వతం ఉంటుంది. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత డిస్కుల్లో అక్కడ ఆర్‌వీజీ అని ముద్ర ఉంటే ఆ గాడిని సౌండ్ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ కోసినట్టు. పగలు కళ్ళు పరీక్షించే ఉద్యోగం చేసుకుంటూ, న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ముందుగదిలో 1959 దాకా జాజ్ రికార్డు చేసిన మహానుభావుడాయన. దాని పక్కన చెవిలాంటి చిన్న గీత కూడా ఉంటే ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో అచ్చయినట్టు. ఆ చెవి దొరికితే మన చెవులతో పెద్దగా పని ఉండదు, భూతద్దం చాలు. 2019లో మొదలైన టోన్ పొయెట్ అనే బ్లూ నోట్ పునర్ముద్రణల వరసలో అయితే గాడి కోసిన కెవిన్ గ్రే పొడి అక్షరాలు వెతుక్కోవాలి.

ఇక వన్ స్టెప్ అనే అచ్చు పద్ధతి. ఇది కాస్త ఓపిగ్గా అర్థం చేసుకోవాల్సిన విషయం. మామూలు పద్ధతిలో ల్యాకర్ పళ్ళెం మీద గాడి కోస్తారు. దానికి వెండిపూత వేసి, నికెల్ ఎక్కించి ఊడదీస్తే వచ్చేది ఫాదర్. ఫాదర్ నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్లు, స్టాంపర్లతో వేల డిస్కులు. వన్ స్టెప్‌లో మధ్య రెండు మెట్లూ ఎగరగొట్టి ఫాదర్‌నే ప్రెస్‌లో బిగిస్తారు. మెట్టు తగ్గినకొద్దీ నష్టం తగ్గుతుంది, నిజమే. కానీ వెయ్యి డిస్కులయ్యేసరికి ఆ ఫాదర్ అరిగిపోతుంది. మళ్ళీ ల్యాకర్ కోయాలి, మళ్ళీ టేపు తిప్పాలి.

2022లో మొబైల్ ఫిడెలిటీ కంపెనీ మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ని ఈ పద్ధతిలో 40,000 కాపీలు వేస్తామంది. వెయ్యికి ఒకటి చొప్పున ఒక్కో వైపుకి 40 ల్యాకర్లు. 1982 నాటి మాస్టర్ టేపును అన్నిసార్లు తిప్పడానికి ఎవరిస్తారు? ఈ కూడికలు, భాగహారాలు వేసేసరికి గుట్టు బయటపడింది: టేపును ముందు డీఎస్‌డీ డిజిటల్ ఫైల్‌గా మార్చుకుని, ఆ ఫైల్ నుంచి ల్యాకర్లు కోస్తున్నారట. అదీ 2011లో టోనీ బెనెట్ ‘ఐ లెఫ్ట్ మై హార్ట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో’ ఆల్బమ్ నుంచీ! అంటే 11 ఏళ్ళు. ఆ 11 ఏళ్ళూ ఈ డిస్కుల్లోని అనలాగ్, అంటే డిజిటల్ సోకని, వెచ్చదనం గురించి పేజీలకి పేజీలు రాసినవాళ్ళున్నారు. తీగ మారిస్తే తేడా పట్టే చెవులు, కరెంటు ప్లగ్ మారిస్తే తేడా పట్టే చెవులు ఫైల్‌ని మాత్రం పట్టలేదు. దీన్ని చెవుల వైఫల్యం అనడం అన్యాయం. స్టిక్కర్ మీద ఆ ముక్క రాసి ఉంటే కచ్చితంగా వినిపించేది. కావాలంటే చూడండి, జూలైలో వార్త వచ్చిన మర్నాటి నుంచే అవే డిస్కులు పొడిపొడిగా మోగడం మొదలుపెట్టాయి. కొందరు కోర్టుకెక్కారు, కంపెనీ రాజీకొచ్చింది. (1980లలో గాడి కోసే లేత్‌కి సిగ్నల్ కాస్త ఆలస్యంగా అందించడానికి డిజిటల్ డిలే వాడిన కటింగ్ గదులు చాలానే ఉండేవి. ఆనాటి ‘అసలు’ ప్రతులున్నవాళ్ళు ఈ వాక్యం చదవకపోవడం మంచిది.)

కలెక్టర్లు పట్టించుకోని చిల్లర లోపాలు కొన్నున్నాయి, పద్ధతి కోసం చెబుతున్నాం. మధ్య చిల్లు అర మిల్లీమీటరు పక్కకి పడితే, లోపలి గాడుల్లో, కేంద్రానికి 60 మిల్లీమీటర్ల దగ్గర, శ్రుతి 0.8 శాతం పైకీ కిందికీ ఊగుతుంది. 33⅓ వేగంలో ఊపు 1.8 సెకన్లకొకటి. పియానో మీద నిలబెట్టిన స్వరం నీళ్ళలో తేలుతుంది. చూడ్డానికి పరికరాలక్కర్లేదు, ఆర్మ్ పక్కలకి ఊగుతోందా లేదా గమనిస్తే చాలు. అలాగే ముల్లు ఉండే కార్ట్రిడ్జ్ అమరిక. బేర్‌వాల్డ్ అనే ఆయన వేసిన లెక్క ప్రకారం కేంద్రానికి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర ముల్లు గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. తప్పితే గాయకుల ఆల్బమ్‌లే ముందు దొరికిపోతాయి. బయటి అంచున సెకనుకి 51 సెంటీమీటర్లు పరిగెత్తే గాడి లోపలికొచ్చేసరికి 21కి పడిపోతుంది. సరిగ్గా అక్కడే వైపు చివరి పాటలో గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ ‘స’ అన్నచోటల్లా ఉమ్మినట్టు వినబడుతుంది. 45 వేగమైతే ఆ 21 కాస్తా 28 అవుతుంది, కొంత నయం. బదులుగా పది పన్నెండు నిమిషాలకోసారి లేచి డిస్క్ తిరగెయ్యాలి. కాగితం మీద అచ్చేసుకునే ప్రొట్రాక్టర్‌తో గంటలో అయ్యే పని ఇదంతా. దానికి నంబర్ వేసిన లిమిటెడ్ ఎడిషన్ లేకపోవడమే చిక్కు.

భద్రత గురించి ఒక మాట. పైకవర్లు పీవీసీవి వద్దు. అందులోంచి ఊరే మెత్తబరిచే రసాయనం ఏళ్ళ తరబడి అంటుకుని డిస్క్ మీద తెల్లటి పొగలా పడుతుంది, ఆ తర్వాత పాట వెనక సన్నటి బుసే. పాలీప్రొపిలీన్ కవర్లు కొనండి, డిస్కులు నిలువుగా పెట్టండి.

రెండో ప్రతి విప్పకండి. విప్పితే చిల్లు పక్కకి పోయిందని తెలియొచ్చు, నాన్‌ఫిల్ బయటపడొచ్చు, పైప్లాస్టిక్ బిగుతుకి డిస్క్ ఎప్పుడో వంగిపోయిందని కూడా తేలొచ్చు. వాపసు గడువు దాటేదాకా ముట్టుకోకుండా ఉంచితే ఆ బెడద ఉండదు. సీలు తియ్యని డిస్క్ బాగా మోగలేదని ఇంతవరకూ ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.