వేళ్లకు వచ్చిన సంగీతం చెవికి రావడం లేదు

సంగీత ప్రవేశ పరీక్షలో పరీక్షకురాలిగా కూర్చున్న ఒక రోజు సంగతి ఇది. ఒక అమ్మాయి వయొలిన్ మీద చాలా కష్టమైన కృతి వాయించింది. ఎక్కడా తడబడలేదు, లయ జారలేదు. బాగా వాయించావని చెప్పి, నేను నాలుగే నాలుగు స్వరాలు పేర్లు చెప్పకుండా 'ఆ' అంటూ పాడి "ఇవి వాయించమ్మా" అన్నాను. ఆ అమ్మాయి విల్లు తీగ మీద పెట్టి వెతుక్కుంది. ఒక స్వరం దొరికింది, రెండోది తప్పింది. మళ్లీ పాడాను. మళ్లీ వెతికింది. చివరికి కళ్లనిండా నీళ్లతో "నొటేషన్ ఇస్తారా మేడమ్?" అని అడిగింది.

ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. ఏళ్ల తరబడి నేర్చుకుంది, రోజూ సాధన చేసింది. కానీ అంతకాలంలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆ రోజు మా పరీక్షలోనూ అది లేదు, నా అంతట నేను అడిగాను.

ప్రమాణాలు పడిపోయాయని అందరం అంటున్నాం. నిజానికి పిల్లలు వాయించే కృతులు తేలికవ్వలేదు. వేగం పెరిగింది, కచేరీ స్థాయి రచనలు చిన్న వయసులోనే పట్టుకుంటున్నారు. తగ్గింది వినడం. విన్నది తిరిగి పాడడం, విన్న వరుసకు స్వరం రాయడం, ముందు చూడని నొటేషన్‌ను అప్పటికప్పుడు పాడడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా పక్కకు పోతున్నాయి. వాటి చోటులోకి ముందే తయారు చేసుకున్న అంశాలు, వీడియో రికార్డింగులు, నాలుగు ఆప్షన్ల థియరీ ప్రశ్నలు వస్తున్నాయి.

చాలా దేశాల్లో పరీక్షలు పెట్టే బ్రిటన్ సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం ఉదాహరణ చూడండి. దాని పాత పద్ధతి వాద్య పరీక్షలో మొత్తం 150 మార్కులు. అందులో మూడు రచనలకు 90, స్కేళ్లకు (స్వరాలను వరుసగా పైకీ కిందికీ వాయించడానికి) 21, చూసి వాయించడానికి 21, వినికిడికి 18. ఆ పరీక్ష ఇప్పటికీ ఉంది. దాని పక్కనే 2020లో మరో రకం పరీక్ష మొదలైంది. అందులో నాలుగు రచనలు వాయించి, ఆగకుండా రికార్డు చేసి పంపాలి. స్కేళ్లు లేవు, చూసి వాయించడం లేదు, వినికిడి లేదు. పరీక్ష హాలుకు రాలేని వాళ్లకు అది మేలే చేసింది, కాదనను. కానీ రెండు దారులూ ఒకే మెట్టుకు చేరుస్తాయంటే, చెవికి పని లేని దారిలోనే వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు.

చెవి పరీక్ష ఎప్పుడూ మొత్తం మార్కుల్లో చిన్న భాగమే. అయినా దాని పని పెద్దది. పరీక్షలో ఏముందో అదే కింది తరగతుల్లో చెబుతారు. 18 మార్కులు ఉన్నంతకాలం టీచరు వారానికి పావుగంటైనా "ఇది విను, ఇప్పుడు నువ్వు పాడు" అనేది. ఆ మార్కులు అక్కర్లేని దారి దొరికిన రోజే ఆ పావుగంటా పోయింది.

ఆ పావుగంటలో ఏం జరిగేదో కాస్త దగ్గరగా చూద్దాం. రెండు తీగలు శ్రుతి చేసేటప్పుడు ఒకటి సెకనుకు 440 సార్లు, రెండోది 442 సార్లు కంపిస్తోందనుకోండి. రెండూ కలిపి మీటితే శబ్దం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. తీగ బిగించే బిరడా మెల్లగా తిప్పుతుంటే ఆ అల నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది, చివరికి ఆగిపోతుంది. అలా ఆగే క్షణాన్ని ఒక్కసారి విన్న చెవి దాన్ని మర్చిపోదు. ఇప్పుడు పిల్లలు ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టి పచ్చ రంగు వచ్చేదాకా తిప్పి ఆపేస్తున్నారు. తీగ శ్రుతిలో ఉంటుంది. పిల్లవాడు మాత్రం ఏమీ వినలేదు.

శ్రుతి చక్కగా కలిసిన తంబురా మీద మంద్ర షడ్జం (కింది స్థాయి 'స') తీగ మీటి చెవి దగ్గర పెట్టుకుంటే, ఎవరూ మీటని అంతర గాంధారం ('గ' రకాల్లో పైది) అందులోంచి సన్నగా పలుకుతుంది. షడ్జానికీ దానికీ 4:5 నిష్పత్తి, అంటే సుమారు 386 సెంట్ల దూరం. సెంటు అంటే కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. కీబోర్డు మీద అదే గాంధారం సరిగ్గా 400 సెంట్ల దగ్గర ఉంటుంది. ఈ 14 సెంట్ల తేడాలో ఏది నాదంలో ఒదుగుతుందో ట్యూనర్ చెప్పదు. తంబురా ముందు కూర్చుని పాడే పిల్లకు మాత్రం ఏ గాంధారం ఆ నాదంలో ఒదిగిందో, ఏది దాన్ని రుద్దుతోందో తెలుస్తుంది. ఇది తెలియకుండా డిగ్రీ దాకా వచ్చేస్తున్నారు. అదే నన్ను బాధపెడుతోంది.

చెవి శిక్షణకు యాప్‌లున్నాయి కదా అంటారు. నేనూ వాడి చూశాను. రెండు స్వరాలు వినిపించి వాటి మధ్య దూరం ఎంతో నొక్కమంటాయి. షడ్జం నుంచి అంతర గాంధారానికి ఎంత దూరమో, కీబోర్డు మీద పంచమం నుంచి కాకలి నిషాదానికీ ('ని' రకాల్లో పైదానికీ) అంతే దూరం. యాప్‌లో రెండింటికీ జవాబు ఒకటే. పాటలో అవి రెండూ ఒకటేనా? గాంధారం మీద హాయిగా నిలబడొచ్చు. నిషాదం మీద నిలబడితే ప్రాణం పై షడ్జం కోసం లాగుతుంది. యాప్‌లో అన్నీ కరెక్టుగా నొక్కే విద్యార్థులు, పాట వినిపించి "ఇందులో షడ్జం ఏది? పాడు" అంటే తెల్లమొహం వేయడం చాలాసార్లు చూశాను. 11వ శతాబ్దంలో గ్విడో అనే ఇటలీ సన్యాసి ఉత్, రే, మీ, ఫా, సోల్, లా అని అక్షరాలు పెట్టింది కూడా ఇందుకే, పిల్లలు ఎన్నడూ వినని పాటను చూసి పాడగలగాలని. మన సరిగమల పనీ అదే. ఒక స్వరానికి తన వరుసలో ఉన్న చోటును గొంతుతో పట్టుకోవడానికే ఆ పేర్లు.

చెవి పుట్టుకతో రావాలన్న మాట నేను ఒప్పుకోను. ఏ ఆధారమూ లేకుండా స్వరం పేరు చెప్పే శక్తి అరుదే, కానీ సంగీతానికి కావలసింది అది కాదు. ఒక షడ్జం ఇస్తే మిగతా స్వరాల చోటు తెలియడమే కావాలి, అది సాధనతో వస్తుంది. పైన చెప్పిన అమ్మాయిని మేం చేర్చుకున్నాం. మూడు నెలలపాటు వారానికి రెండు క్లాసులు ఆమెను విల్లు ముట్టుకోనివ్వలేదు. విన్నది ముందు గొంతులో పట్టుకోవాలి, అంతే. మొదట్లో గొంతు విప్పడానికే సిగ్గుపడేది. ఇప్పుడు గాంధారం దగ్గర తప్పితే తనే ఆగి, మళ్లీ షడ్జం నుంచి వస్తోంది.

చెవి పరీక్ష డబ్బు పెట్టి ట్యూషన్ చెప్పించుకున్న పిల్లలకే అనుకూలమని ఇంకో వాదన. ఇందులో కొంత నిజముంది. మూడుసార్లు వాయించేసి "రాయండి" అనే పాత పద్ధతిలో ఒక స్వరం జారితే ఆ టెన్షన్‌లో మిగతా వరుసంతా పోయేది. దాన్ని అలాగే తెమ్మని నేను అడగను. కానీ వీడియోకు మంచి వాద్యం కావాలి, మంచి మైకు కావాలి, నచ్చేదాకా మళ్లీ మళ్లీ రికార్డు చేసే తీరిక కావాలి. నాలుగు స్వరాలు విని పాడడానికి గొంతు చాలు. ఈ రెంటిలో పేద పిల్లకు అడ్డమయ్యేది ఏది?

ప్రవేశ పరీక్షలో పది నిమిషాలు ఇలా పెట్టొచ్చు. ఒక వరుస వినిపించి మధ్యలో ఆపి షడ్జం పాడమనాలి. ఒకే వరుసను ఒకసారి సాధారణ గాంధారంతో (అంతర గాంధారం కంటే కింది 'గ'), ఒకసారి అంతర గాంధారంతో పాడి ఏది మారిందో అడగాలి. ఒక తీగ శ్రుతి తప్పించి ట్యూనర్ లేకుండా కలపమనాలి. తప్పిన దగ్గర చిన్న సాయం చేసి, ఐదు నిమిషాల తర్వాత అదే మళ్లీ అడగాలి. ఎంత వచ్చో కాదు, ఎంత త్వరగా పట్టుకుంటోందో అప్పుడు కనిపిస్తుంది. లయకు, స్వరానికి, షడ్జం పట్టుకోవడానికి మార్కులు విడివిడిగా వేయాలి. మొత్తం మార్కుల్లో కనీసం నాలుగో వంతు దీనికి ఇచ్చి, ఆ సంగతి రెండేళ్ల ముందే ప్రకటించాలి. కింది తరగతుల్లో పాఠం చెప్పే టీచర్లకు ఆ పావుగంటను మళ్లీ మొదలుపెట్టడానికి ఆ మాత్రం టైమ్ కావాలి.